చింతపిక్కల కొండ

కడప,
ఆదివారం, సందకాడ

రేయ్ సీనా,

ముందే తిట్టొద్దు. ఈ ఉత్తరం దసరాకు మొదలుపెట్టినా. దీపావళి కూడా దాటి కార్తీకంలో పడినాం. రాసిన మొదటి పేజీని మా చిన్నది పడవ చేసి నీళ్ల తొట్లో వదిలింది, అందుకే మళ్లా మొదట్నుంచి. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే మధ్యలో అడ్డం పడి నాలుగు జోకులేసి అసలు సంగతి చెడగొడతావు. ఇది నువ్వు నోరు మూసుకోని వినాల్సిన సంగతి.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. నాయనకు షుగరు అదుపులో ఉంది, నోరే లేదు. మీ చెల్లెలికి ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలా. పెద్దోడు లెక్కల్లో పాసైనాడు (నీ దగ్గర ట్యూషన్ పెట్టించకపోవడం మంచిదైంది). మిద్దె ఉరుస్తాండాది. అంతే.

నువ్వు ఈ నెలాఖర్లో నాలుగు రోజులు వస్తానంటివి కదా. ఈసారన్నా ఒక రోజు పొద్దస్తమానం కొండల్లో నడవాలని హార్సిలీ హిల్స్‌కు ప్లాన్ వేసినా. గండికోట వద్దనుకున్నా. ఎందుకో నీకు తెలుసు. పిన్నీసు!

ప్లాన్ అంటే ఉత్త మాట కాదు రా, నోటుబుక్కే పెట్టినా. నువ్వు, నేను, మా పెద్దోడు, మీవాడు, నలుగురమే. గువ్వలచెరువు ఘాటు ఎక్కి, రాయచోటి మీదుగా పోతే మూడు గంటల పైమాటే. పెద్దోడు ఎక్కడో ఒక సూత్రం పట్టుకొచ్చినాడు. నైస్మిత్ అని స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పినాడంట: 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్లు ఎక్కితే ఇంకో గంట కలుపుకోవాలని. మా నాయన అంతా విని, "ఆ స్కాట్లండ్ ఆయప్ప ఉగ్గాని, బజ్జీ తినేసి నడిచినాడా?" అన్నాడు. సూత్రం ఆడికే చచ్చిపోయింది.

ఇంకో లెక్క మాత్రం నిలబడింది. కొండ 4 వేల అడుగులకు పైనే ఉంది. మన కడప సముద్రమట్టానికి 140 మీటర్లకు అటూ ఇటూ. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరేడు డిగ్రీలు తగ్గుతాదంట, కాబట్టి స్వెట్టర్ తెచ్చుకో. పూణేలో చలి చూసినోణ్ని అని ఎగరొద్దు, ఆ కొండ మీది గాలిబండ మీద నిలబడినాక మాట్లాడు. ఆంధ్రా ఊటీ అని అందరూ అంటారు గానీ, ఊటీ ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. మనోళ్లకు పొగడటం మొదలుపెడితే కొలతలు పట్టవు.

సరే, పోయిన ఆదివారం మిద్దె మీద కూర్చోని బుక్కు తెరిచినా. నాయన చెవిలో "కొండ", "చెట్లు" అనే రెండు మాటలు పడినాయి. "కార్తీకం కదరా, వనభోజనం చేసుకుందాం" అన్నాడు. అయిపాయ. నాయన, పెద్దమ్మ వాళ్లు ముగ్గురు, చిన్నాయన వాళ్లు నలుగురు, పక్కింటి మామ (ఆయన ఎందుకో నాకిప్పటికీ తెలీదు). నలుగురం పదమూడు మందిమైనాం. కారు పోయి తుఫాన్ బండి వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటాండారు, బండి తుఫాన్ సరే, అసలు తుఫాను రాకుంటే సాలు. చిన్నాయన సంగటి, నాటుకోడి అన్నాడు. "కార్తీకంలో కోడా!" అని పెద్దమ్మ లేచింది. రిజర్వు ఫారెస్టులో పొయ్యి ముట్టిస్తే కేసు పెడతారని నేను చెప్పినాక ఇద్దరూ చల్లబడినారు. చిత్రాన్నం, పెరుగన్నం, అలసంద వడలు. పొయ్యి లేదు, కోడి లేదు, పంచాయతీ లేదు.

ఇంక విను, దీనికోసమే ఈ ఉత్తరం.

జేజి మూల్లో కూర్చోని మా చిన్నదాంతో వామనగుంటలు ఆడతాండాది. ఆయమ్మకు చెవులు సరిగా వినపడవని మేమంతా అనుకుంటాం కదా, అదంతా నటన రా! తలకూడా ఎత్తకుండా, "ఏనుగు మల్లమ్మ కొండకేనా మీరు పోయేది?" అనింది.

పెద్దోడు "కాదు జేజీ, హార్సిలీ హిల్స్" అన్నాడు.

"అదే లేరా. ఆ దొర రాకముందు కొండకు పేరు లేదనుకున్నావా?"

వాడు ఫోన్ తీసి చూస్తే నిజమే. హార్సిలీ అనే ఆయన మన కడప కలెక్టరేనంట! ఆ కాలంలో మదనపల్లె సీమ మన జిల్లాలోనే ఉండె, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో కదా. ఎండకు తట్టుకోలేక ఆడ బంగళా కట్టుకున్నాడు. కడప ఎండ కలెక్టరును కూడా కొండెక్కించింది, నాకైతే గర్వంగానే ఉంది. మల్లమ్మ కథ జేజి చెప్పింది. ఏనుగులు సాకిన పిల్లంట, కొండ మీద వాళ్లకు రోగాలు నయం చేసేదంట, ఒకనాడు కనపడకుండా పోయిందంట, గుడి కట్టినారు.

జేజి పుట్టిల్లు ఆ కొండ కింది పల్లె అని నాకు నలభై ఏండ్లలో ఎవురూ చెప్పలేదు. పెండ్లికి ముందు తలమీద పెరుగుకుండ పెట్టుకోని, బంగళాల్లో అమ్మడానికి కాలిబాటన కొండెక్కేదంట. పదకొండుసార్లు ఎక్కింది, లెక్క ఉంది ఆయమ్మకాడ. నా బుక్కు లాక్కోని చూసి (చదువు రాదు, ఊరికే చూసింది), "ఇది సరిలేదు" అనింది. "పొద్దున్నుంచి రాసినావు కదూ? పొద్దుగుంకే యాళ నుంచి ఎనక్కి లెక్క పెట్టుకోవాల."

గుంటల్లో చింతపిక్కలన్నీ తీసి గచ్చు మీద పరిచింది. మొదటి పిక్క పొద్దుగుంకేది. నవంబరు ఆఖర్లో అయిదున్నర దాటితే వెలుతురు ఉండదు, అందులో చెట్ల కింద అరగంట ముందే చీకటి. దానికి గంట ముందే కాళ్లు తారురోడ్డు మీద ఉండాల, అది రెండో పిక్క. దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి, ఎక్కినంత సేపూ దిగడానికి పెట్టుకో, అది మూడోది. అన్నం తిన్నాక ఎక్కుడు పెట్టుకోవద్దు, నాలుగోది. అట్లా ఎనక్కి ఎనక్కి వచ్చి, ఇంటి గడప దగ్గర ఆఖరి పిక్క పెట్టి, "తెల్లార్జామున మూడున్నరకు బండి కదలాల" అనింది. నా బుక్కులో ఆరున్నర అని ఉండె. పెద్దోడు నైస్మిత్ లెక్కేసి చూసినాడు, జేజి పిక్కలకు పావుగంట తేడా! నాయన ముఖం చూడాల్సింది నువ్వు.

అయితే సీనా, ఒక పిక్క బాటకు పక్కన, విడిగా పెట్టింది. చెలమ ఏమో అనుకున్నా. చిన్నాయన గుడి అన్నాడు. మా చిన్నది పులి అనింది. జేజి శానాసేపు పలకలేదు.

ఆడ ఒక బండ ఉందంట. ఆ బండ మీద జేజి, ఆయమ్మ జతగత్తె ఒకామె, ఇద్దరూ కుండలు దింపి కూర్చునేవాళ్లు. ఒకనాడు జతగత్తె కుండ పగిలింది. నువ్వు తోసినావంటే నువ్వే జారినావని కొట్లాడుకోని, ఒకరెనక ఒకరు మాట్లాడకుండా దిగినారు. ఆ ఏడే జేజికి పెండ్లయి ఇట్లా కడప పక్కకు వచ్చేసింది. మళ్లా చూసుకోలేదు.

"నేనే తోసినా" అనింది జేజి. "దాని పెరుగు ముందు అమ్ముడుపోతాదని."

ఎవురూ మాట్లాడలేదు. పక్కింటి మామ కూడా. డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి రా, ఆ పిక్కను వేలితో అటు ఇటు జరుపుతాండాది, సరిగ్గా ఆ బండ యాడుందో గుర్తుకు తెచ్చుకున్నట్టు.

నాకెందుకో గండికోట గుర్తొచ్చింది. ఆ పొద్దు నీ చెప్పు… సరేలే, అది కొండమీద చెప్తా.

కాబట్టి ప్లాన్ ఇట్లా మారింది. జేజి మాతో వస్తాది, నడవదు. కింద పల్లెలో దిగి ఆ జతగత్తె కోసం విచారిస్తాది. ఉందో లేదో దేవునికి ఎరుక. పేరు గుర్తుంది, ఇంటిపేరు గుర్తులేదు. పెద్దమ్మ, జేజి ఆడుంటారు, మిగిలినోళ్లు పైకి. పాత కాలిబాటలో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, ఫారెస్టోళ్లను అడగాల. సోమవారం ఫోన్ చేస్తా. కాదంటే ఘాటు రోడ్డు మీదనే దిగుదాం, జేజి లెక్క దానికీ సరిపోతాది. పైన 1859లో నాటిన నీలగిరి చెట్టు ఒకటి ఉంది, కల్యాణి అంటారు, దాని కింద పెరుగన్నం. కోతుల భయముంది, సంచికి జిప్పు ఉండాల. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. హవాయి చెప్పులతో వస్తే బండెక్కనివ్వను, ఇది జేజి మాట కాదు, నాదే.

వాన వస్తే? బండ జారుతాది, ఆ రోజు వదిలేసి మర్రోజు పోదామంటాది జేజి. నీకు నాలుగు రోజులే సెలవంటే "ఆరు పెట్టమను" అనింది. ఆరు పెట్టు రా. నిజంగా చెప్తాండా, ఆయమ్మ రోజూ పొద్దున లేచి ఆ పిక్కలు

ఇదో, చిన్నాయన కొడుకు పూణే బస్సుకు బయల్దేరినాడు, కింద హారన్ కొడతాండాడు. వాని చేతికే ఇస్తాండా ఇది. శెనక్కాయల కారం డబ్బా చెల్లెమ్మకు. సంచి మూతికి పిన్నీసు గుచ్చినా, దాన్ని పారేయొద్దు. గువ్వలచెరువు పాలకోవా నువ్వొచ్చేటప్పుడు కొందాం. ఇంకా రెండు సంగతులు ఉండె, గుర్తు రావ