నాలుగూ ఎడమ కాళ్లే: ఆరుబయటి కుర్చీల కిట్ మీద ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: చెక్కపని తొలిసారి చేసేవారి కోసం మీరు అమ్ముతున్న రెండు కుర్చీల కిట్‌లోని లోపాలు, సూచనల పుస్తకంలోని ఒక ప్రమాదకరమైన సలహా.

నమస్కారం.

ఆరుబయట వేసుకునే, అడిరాండాక్ అనే రకం చెక్క కుర్చీల కిట్‌ను రెండు నెలల కిందట మీ దగ్గర కొన్నాను. ఇంతవరకు ఉలి పట్టనివారు కూడా రెండు సాయంత్రాల్లో తయారు చేసుకోవచ్చని పెట్టె మీద రాసి ఉంది. నేను నిజంగానే ఉలి పట్టని మనిషిని. మా నాన్నగారు సాయంత్రం పూట బయట కూర్చోవడానికి నా చేతులతో ఒక కుర్చీ చేసివ్వాలన్న కోరికతో కొన్నాను. ఒక్క కుర్చీకే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తప్పు నాదేనని కుమిలిపోయాను. మీ విభాగం నుంచి వచ్చిన జవాబు కూడా అదే చెప్పింది. తప్పు నాది కాదని ఇప్పుడు తెలిసింది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మొదట కాళ్ల సంగతి. ఈ కుర్చీలో వెనక కాలూ, కూర్చునే బద్దలను మోసే పక్కపలకా ఒకే ముక్క. అది ముందు ఎత్తుగా ఉండి, వెనక్కి ఏటవాలుగా దిగి నేలను తాకుతుంది. ప్రతి కుర్చీకీ అటొకటి, ఇటొకటి. రెంటినీ కలిపే అడ్డకర్ర చివరలు అమరడానికి ఒక్కోదానికి లోపలి ముఖాన 10 మిల్లీమీటర్ల లోతున గాడి తీసి ఉంటుంది. రెండు గాడులూ ఎదురెదురుగా చూసుకోవాలి, అంటే ఒక ముక్క మరొకదానికి అద్దంలో నీడలా ఉండాలి. మీరు పంపిన నాలుగు ముక్కల్లోనూ గాడి ఒకే వైపు ఉంది. రెండు జతల చెప్పులు కొంటే నాలుగూ ఎడమకాలివే వచ్చినట్టు.

పని తెలిసినవారైతే పెట్టె విప్పగానే పట్టేసేవారు. నేను పట్టుకోలేకపోయాను. ముక్కను అటూ ఇటూ తిప్పాను. ముందు భాగాన్ని ముందుకు పెడితే గాడి బయటికి పోయేది. గాడిని లోపలికి తెస్తే వెనక ఉండాల్సిన వాలు ముందుకొచ్చేది. బోర్లించి చూస్తే వంపు తలకిందులైంది. పుస్తకంలోని బొమ్మను వెలుగులో పెట్టి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చివరికి ఫొటోలు తీసి మీకు పంపాను. "బొమ్మను మరోసారి జాగ్రత్తగా చూడండి. అనుభవం లేనివారికి మొదట్లో ఇలా జరగడం సహజం" అని జవాబు వచ్చింది. ఆ ఫొటోల్లో నాలుగు గాడులూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటిని తెరిచి చూసినవారు ఆ వాక్యం రాయగలరని నేను నమ్మను.

మీ మాట నమ్మి, గాడితో పనిలేకుండా అడ్డకర్రను చదునుగా ఉన్న వైపే ఆనించి బిగించాను. స్క్రూను నేరుగా చెక్కలోకి బిగించమని మీ పుస్తకం చెబుతోంది. ముందు స్క్రూ కంటే సన్నని రంధ్రం వేసుకోవాలనీ, ముఖ్యంగా చెక్క కొస దగ్గర అది తప్పనిసరి అనీ ఎక్కడా లేదు. రంధ్రం లేకుండా కొసన దిగే స్క్రూ చెక్క నారల మధ్య చిన్న గొడ్డలిలా పనిచేస్తుంది. బిగిస్తున్నప్పుడు నాకు ఏమీ కనిపించలేదు. నాన్నగారు వచ్చి కూర్చుని వెనక్కి వాలగానే టప్పుమని శబ్దం వచ్చింది. అడ్డకర్ర చివర స్క్రూ దగ్గర మొదలైన బీట జానెడు పొడవున సాగింది. ఆయన కుర్చీ చేతుల మీద బరువు వేసి మెల్లగా లేచారు, దెబ్బ తగల్లేదు. అప్పుడాయనే రెండో కుర్చీ కాళ్లను కూడా తెమ్మని, నాలుగింటినీ నేల మీద వరసగా పేర్పించి చూశారు. "ఇవన్నీ ఒకవైపువే కదమ్మా" అన్నారు. ఆయనా వడ్రంగి కాదు. నేల మీద పక్కపక్కన పేర్చి చూస్తే ఎవరికైనా తెలిసే విషయం అది. మీ దగ్గర పెట్టెలో సర్దేవారు గానీ, తనిఖీ చేసేవారు గానీ ఆ ఒక్క పని చేయలేదు.

ఇక కలప. పెట్టె మీద "పూర్తిగా ఆరబెట్టిన చేవ కలప" అని ఉంది. తెలిసిన వడ్రంగి ఒకాయన తన తేమ మీటరు తెచ్చి, ఇంకా ప్లాస్టిక్ చుట్ట విప్పని రెండో కుర్చీ బద్దల మీద పెట్టి చూశారు. 24 శాతం చూపించింది. రెండు నెలలుగా గాలి తగులుతున్న మొదటి కుర్చీ బద్దలు 13 శాతం దగ్గర ఉన్నాయి. అంటే మీరు పంపినది సరిగ్గా ఆరని కర్ర. తేమ సుమారు 28 శాతం కంటే దిగినప్పటి నుంచి కర్ర కుదించుకుపోవడం మొదలవుతుంది. పొడవులో ఆ తేడా దాదాపు ఉండదు, వెడల్పులోనే ఉంటుంది. 90 మిల్లీమీటర్ల బద్ద ఇప్పుడు 87 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా ఉంది. వాన నీరు జారిపోవడానికి మీరు చెప్పినట్టే 6 మిల్లీమీటర్ల సందు వదిలి బిగించాను. ఇప్పుడది దాదాపు 9కి చేరింది. సందు పెరిగినా సర్దుకుంటాను. కానీ ఒక్కో బద్ద చివర రెండేసి స్క్రూలు వెడల్పున దూరదూరంగా బిగించమన్నారు. ఆ రెండూ కదలనివ్వవు, కర్ర మాత్రం లోపలికి లాక్కుంటుంది. మధ్యలో చీలక ఏం చేస్తుంది? కూర్చునే బద్దలు ఏడింటిలో నాలుగు సరిగ్గా స్క్రూల నడుమ బీటలిచ్చాయి.

చేవ మాట కూడా నిజం కాదు. చాలా బద్దల అంచున రెండు వేళ్ల వెడల్పున పాలిపోయిన పట్టీ ఉంది. అది బెరడు కింద ఉండే మాను పైపొర, మాను నడిమి గట్టి భాగమైన చేవ కాదు. ఎంత గట్టి జాతి కలపైనా సరే, టేకుదైనా సరే, ఆ పైపొర ఆరుబయట ఎండవానలకు నిలవదు. పురుగూ బూజూ ముందు పట్టేది దానికే. కావాలంటే పైపొర ఉందని రాసి అమ్మండి. చేవ అని రాసి అమ్మడం మోసం.

స్క్రూల గురించి ఎక్కువ రాయను. మొదటి వాన కురిసిన మర్నాడు పొద్దున కుర్చీ దగ్గరికి వెళ్లి చూస్తే, ప్రతి స్క్రూ తల కిందనుంచీ ఒక నల్లని చార, ఏడ్చిన కళ్ల కాటుక చెంపల మీదికి జారినట్టు, బద్ద మీదికి దిగి ఉంది. గరుకు కాగితంతో ఎంత రుద్దినా పోలేదు. కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిస్తే ఆ నలుపు వస్తుంది. పలచటి జింకు పూతతో సరిపెట్టిన స్క్రూలు ఆరుబయటి కుర్చీకి పనికిరావు. తుప్పు పట్టని 304 రకం ఉక్కువి ఇవ్వాలి, సముద్రపు గాలి తగిలే చోట్లకైతే 316 రకం. జిగురుదీ అదే కథ. సీసా మీద డి2 అని ఉంది. యూరప్ ప్రమాణం ఇఎన్ 204 ప్రకారం అది ఇంటి లోపల అప్పుడప్పుడు కాస్త తడి తగిలే వస్తువులకు. వానలో ఉండే అతుకుకు డి4 కావాలి.

ఇప్పటివరకు రాసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. మీ పుస్తకం చివరి పేజీలో, కుర్చీకి అవిసె నూనె పూయడానికి వాడిన గుడ్డను మడిచి డబ్బాలో పెట్టి దాచుకుంటే రెండో కుర్చీకి కూడా వాడుకోవచ్చని సలహా ఇచ్చారు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. మడిచిన గుడ్డలో, ఉండ చుట్టిన గుడ్డలో అది పేరుకుపోయి, ఎవరూ నిప్పు పెట్టకుండానే గుడ్డ అంటుకోవచ్చు. ఆ గుడ్డను ఆరుబయట ఒక్క పొరగా పరిచి ఆరనివ్వాలి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచాలి. నేను మీ మాట విని దాన్ని మడిచి, చెక్క పొట్టు ఉన్న గదిలోనే పెట్టాను. వడ్రంగి ఆయన చూసి వెంటనే బయటికి తీసుకెళ్లి పరిచారు. ఆయన ఆ రోజు రాకపోతే ఏమయ్యేదోనని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ పేజీ ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు, నాకు తెలియదు.

గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోమన్న మాట కూడా పుస్తకంలో లేదు. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పని కొత్తగా మొదలుపెట్టేవారికి కాక మరెవరికి చెబుతారు ఈ సంగతి?

మీ పుస్తకం మొదటి పేజీలో ఈ కుర్చీ పుట్టుక రాశారు. 1903లో అమెరికాలోని వెస్ట్‌పోర్ట్‌లో థామస్ లీ దీనికి రూపం ఇచ్చాడనీ, 1905లో దాని మీద పేటెంటు హ్యారీ బనెల్ పేరున వచ్చిందనీ చదివాను. లీ ఒక్కో నమూనా చేసి ఇంటిల్లిపాదినీ అందులో కూర్చోబెట్టి, వారికి సుఖంగా ఉందనిపించేదాకా మార్చుకుంటూ పోయాడని చెబుతారు. మీరు ఈ కిట్‌ను అమ్మకానికి పెట్టేముందు, ఉలి పట్టని మనిషిని ఒక్కరినైనా కూర్చోబెట్టి, పక్కన ఎవరూ సాయం చేయకుండా, మీ పుస్తకం ఒక్కదాన్నే చేతికిచ్చి కుర్చీ చేయించి చూశారా? చూసి ఉంటే మొదటి అరగంటలోనే కాళ్ల తప్పు బయటపడేది.

నేను కోరుతున్నవి ఇవి. అవిసె నూనె గుడ్డ సలహా తప్పని ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఈ వారంలోనే తెలియజేయండి. నా కుర్చీల కంటే ముందు జరగాల్సింది అది. తర్వాత, రెండు కుర్చీలకూ కుడి, ఎడమ సరిగ్గా తీసిన పక్కపలకలు, ఆరిన చేవ బద్దలు, తుప్పు పట్టని స్క్రూలు, డి4 జిగురు పంపండి. డబ్బు వెనక్కి ఇస్తామంటే నాకు వద్దు, నాకు కుర్చీలు కావాలి. తప్పు నా అనుభవలేమిలో ఉందని రాసిన జవాబును మీరు రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల ఫిర్యాదులు విచారించే అధికారుల దగ్గరికి ఈ ప్రతితోనే వెళ్తాను.

నాలుగు కాళ్ల ఫొటోలు, బీటలిచ్చిన బద్దలవి, తేమ మీటరు అంకెలవి, పుస్తకం చివరి పేజీది జతచేశాను. రెండో కుర్చీ బద్దల ప్లాస్టిక్ చుట్ట ఇప్పటికీ విప్పలేదు. మీ మనిషిని పంపితే అతని ఎదుటే విప్పి మళ్లీ కొలిపిస్తాను.

ఇట్లు,
మీ కుర్చీల కిట్ కొనుగోలుదారు