తడి చొక్కా ప్రశ్న

అమ్మలూ,

నాలుగేళ్ళప్పుడు నువ్వు నన్నొకటి అడిగావు. నీకు గుర్తుండదులే. చొక్కా మీద నీళ్ళు ఒలకబోసుకుని, "నాన్నా, నీళ్ళకి రంగు లేదుగా, మరి తడిసినచోట నల్లగా ఎందుకైంది?" అన్నావు. నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకోలేక "ముందు చొక్కా మార్చుకో పో" అని కసిరాను.

మొన్న మీ టీచర్ని కలిస్తే, "మీ అమ్మాయి చాలా బుద్ధిమంతురాలండీ, క్లాసులో నోరెత్తదు" అన్నారు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను. ఇంటికొచ్చాక ఆ మాటే మింగుడుపడలేదు. ఒకప్పుడు జవాబు పూర్తికాకముందే ఇంకోటి అడిగే పిల్లవి. ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఒకటే ప్రశ్న: "ఇది పరీక్షలో వస్తుందా?"

బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అని బ్రిటన్ పరిశోధకులు. 30 మంది నాలుగేళ్ళ ఆడపిల్లల మాటల్ని ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేసి, 1984లో ఆ వివరాలు ప్రచురించారు. ఇంట్లో అమ్మ దగ్గర గంటకి సగటున 26 ప్రశ్నలు అడిగిన పిల్లలు, బడిలో అడిగింది 2. పిల్లలు వాళ్ళే. ఆ వయసుకింకా మార్కులూ ర్యాంకులూ కూడా లేవు చూడు!

బడిలో ప్రశ్నలన్నీ టీచరువే. అవీ జవాబు తనకి ముందే తెలిసినవి. తెలిసినవాళ్ళు అడగడం, తెలియనివాళ్ళు చెప్పడం! ఇదెంత వింతో నేను చదువుకున్నన్నాళ్ళూ నాకు తట్టనేలేదు. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికా తరగతి గదుల్లో గమనించింది: టీచరు ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగేది ఇంచుమించు ఒక్క సెకనట. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు నోరు విప్పారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలెట్టారు.

మీ టీచర్ని ఏమనగలను? గదినిండా పిల్లలు, నెత్తిన సిలబస్. నాకున్నది నువ్వొక్కదానివి. నేనూ ఆ మూడు సెకన్లు ఆగలేదు.

సరే, ఆలస్యంగానైనా విను. పొడిబట్టలో పోగుల మధ్య ఉండేది గాలి. వెలుతురు ఆ పోగులకి తగిలి అటూఇటూ చెదిరి, చాలామటుకు మన కంటికే తిరిగొస్తుంది. తడిస్తే ఆ సందుల్లో నీళ్ళు నిండుతాయి. వెలుతురుని వంచడంలో గాలికీ పోగుకీ ఉన్నంత తేడా నీళ్ళకీ పోగుకీ లేదు కాబట్టి వెలుతురు అంతగా చెదరక లోపలికి దూరిపోతుంది, అక్కడే ఇంకిపోతుంది. వెనక్కి వచ్చేది తగ్గింది కనక ముదురుగా కనిపిస్తుంది.

ఇది పరీక్షలో రాదు.

ఇంతా చదివాక నాకో అనుమానం వచ్చింది. నూనె మరక పడిన కాగితాన్ని దీపానికి అడ్డంపెడితే మరకపడ్డ చోట వెలుతురు అవతలికి వస్తుంది కదా, అదీ ఇదేనంటావా? మరి నీటి మరక ఆరగానే పోతుందే, నూనెది ఎందుకు పోదు? ఆదివారం నువ్వొచ్చాక చూద్దాం. కాగితాలు తీసిపెట్టాను.

నాన్న