చెట్టు దగ్గరికే రంపం

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి గాలివానకి మా వీధి చివర నిద్రగన్నేరు కూలింది. ఇద్దరు చేతులు చాపినా అందని మాను. తెల్లారేసరికి చైన్‌సాతో మనుషులొచ్చి అడుగున్నర ముక్కలు చేసి ట్రాక్టర్లో పడేశారు. దారి త్వరగా ఖాళీ చేశారు, మెచ్చుకోవాల్సిందే. కానీ నలభై ఏళ్లు కోతమిషన్ మీద బతికినవాణ్ణి, ప్రాణం ఉసూరుమంది. లోపల కాఫీ రంగు చేవ. ఏడెనిమిది అడుగుల బల్లలు దిగేవి. పొయ్యిలోకి పోయింది.

"ఇంత మానుని సామిల్లుకి తోలాలంటే క్రేన్ కావాలి పెద్దాయనా, ఎవరిస్తారు?" అన్నాడు ట్రాక్టరబ్బాయి. నిజమే. అందుకే రంపమే చెట్టు దగ్గరికి రావాలంటాను.

మా నాన్న మంచిర్యాల వైపు అలాగే కోసేవాడు. దారాన్ని బొగ్గునీళ్లలో ముంచి దుంగ మీద గీత కొట్టి, ఒకరు పైన, ఒకరు గుంటలో నిలబడి రంపం లాగడం. కిందవాడి కళ్లనిండా పొట్టే. ఆ కింది వంతు ఎప్పుడూ మా బాబాయిదే, అది వేరే కథ.

ఇప్పుడు గుంట తవ్వక్కర్లేదు. పపువా న్యూగినీ పల్లెల్లో విప్పి మనుషులే మోసుకెళ్లే చిన్న మిల్లు ఉంది. పేరే 'వోకబౌట్ సోమిల్', నడిచే సామిల్లు. చెట్టు పడ్డచోటే కోసి బల్లలు భుజాన తెస్తారు. దుంగలో దాదాపు సగం పొట్టూ అంచుచెక్కలే కదా, దాన్ని బయటికి మోయడమెందుకు? బుల్డోజర్ అడవిలోకి దిగితే నేల అణిగిపోయి ఏళ్లతరబడి మొలక లేవదు.

మిషన్ ఒక్కటే చాలదు. అడవిలో తీగలు చెట్టుకీ చెట్టుకీ ముడేసుకుని ఉంటాయి. ఆ తీగల్ని కొన్ని నెలల ముందే నరికి ఎండనివ్వకపోతే ఒకటి కూలితే నాలుగు లాక్కుపోతుంది. పడాల్సిన వైపు ముందు గాటు పెట్టి, వెనక నుంచి కోస్తూ, మధ్యలో మాను లావులో పదోవంతు చెక్క వదలాలి. ఆ చెక్కే చెట్టుని మనం చెప్పిన దిక్కుకి వంచుతుంది. ఇది తెలియనివాడికి చైన్‌సా ఇవ్వకూడదు.

చైన్‌సాతో బల్లలు తీస్తే నష్టమూ ఉంది. ఒక్కో కోతకి సెంటీమీటరు దాకా పొట్టవుతుంది, మా మిల్లులోని పట్టీ రంపం, బ్యాండ్‌సాకి రెండు మిల్లీమీటర్లే. ఐదు కోతలు పడితే రెండంగుళాల బల్ల గాలికి పోయినట్టే. అయినా రోడ్డు పక్క చెట్టుకి అదే నయం. బ్యానర్లు కట్టిన మేకులు లోపల ఎన్నుంటాయో! మేకు తగిలితే చైనుకి అరంతో మళ్లీ పదును పెట్టొచ్చు, మిల్లులోని పెద్ద బ్లేడు పాడైతే ఖర్చెక్కువ.

ఇలా మోసుకెళ్లే రంపం దొంగల చేతిలో పడితే అన్న టెన్షన్ అధికారులకి ఉంటుంది. ఘానాలో 1998లో చైన్‌సాతో బల్లలు కోసి అమ్మడాన్ని నిషేధించారు. ఆ చెక్క మాత్రం ఆగలేదు, అక్కడి వడ్రంగులు ఇప్పటికీ కొంటూనే ఉన్నారు. రంపాన్ని ఆపే బదులు నరికిన చెట్టు మొదలు మీద, దాన్నుంచి తీసిన బల్ల మీద ఒకే నంబరు ముద్ర కొట్టిస్తే సరిపోతుందని నా లెక్క.

నగరంలో సర్కిల్‌కొక చైన్‌సా బిగించే చిన్న కోత ఫ్రేమూ, నేర్చిన ఇద్దరు మనుషులూ ఉంటే కూలిన చెట్లు బడిబల్లలవుతాయి. నేర్పమంటే నేనొస్తాను. ఆ రోజు ట్రాక్టరబ్బాయిని అడిగి ఒక ముక్క తెచ్చుకున్నాను. చివరలు పగలకుండా పేడ పూసి వరండాలో నీడకి పెట్టాను.

– ఒక పాత కోతపనివాడు, కుషాయిగూడ, హైదరాబాద్