ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి, ఫారంలో ఒక గడి గురించి

అయ్యా, నమస్కారం.

బిడ్డ పుట్టగానే అందరూ అడిగేది ఒకటే, ఆడా మగా అని. మా బిడ్డను చూసి డాక్టరు గారు వెంటనే చెప్పలేకపోయారు, కానీ జనన నమోదు ఫారంలో ఏదో ఒకదానికి టిక్ పెట్టాల్సిందేనని సిబ్బంది ఒకటే తొందర. ఆ టిక్‌కి తగ్గట్టు ఆపరేషన్ కూడా చేసేద్దాం అన్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది.

మామూలుగా మగవాళ్లలో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములు ఉన్నా, ఆండ్రోజెన్ అనే మగ హార్మోన్లకు శరీరం స్పందించక ఆడపిల్లలాగే పెరిగేవాళ్లున్నారు. చాలామందికి నెలసరి రాకపోతేనే ఆ సంగతి తెలుస్తుంది. ఇలాంటి తేడాకు ఇంకో కారణమైన అడ్రినల్ గ్రంథి (మూత్రపిండాల పైన ఉండేది) లోపంతో పుట్టిన కొందరికి ఒంట్లో ఉప్పు పడిపోయి మొదటి వారాల్లోనే ప్రాణం మీదికొస్తుంది, అక్కడ మందులు ఆలస్యం కాకూడదు, ఒప్పుకుంటాను. కానీ చూడ్డానికి తేడాగా ఉందని కత్తి పెట్టడం వేరు. స్పర్శ పోవచ్చు, పిల్లలు పుట్టే అవకాశమూ పోవచ్చు. వాయిదా వేయగలిగిన ఇలాంటి ఆపరేషన్లను, బిడ్డ తన సమ్మతి చెప్పగలిగేదాకా చేయకూడదని యూరప్‌లోని మాల్టా దేశం 2015లోనే చట్టం చేసింది.

మీరూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఫారంలో 'తర్వాత రాస్తాం' అనే గడి పెట్టించండి. పేరు మాత్రం మేం పెట్టేసుకున్నాం లెండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదుగా.