తువ్వాలు మహిమ

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలకు జవాబు బాకీ పడ్డాను. తిట్టుకో, కానీ ఇది చదువుతూ తిట్టుకో. ఇక్కడ అందరం క్షేమం, నా మెడనొప్పి తగ్గింది, ఉద్యోగం అదే. క్షేమ సమాచారం ఇంతటితో సమాప్తం.

కుస్తీ, బాక్సింగ్ అన్నీ కలిసిన ఆ ఆట గురించి "ఎంఎంఏలో తూకమంటే ఏముందిరా, కాటా ఎక్కడం, దిగడం" అని వెక్కిరించావు గుర్తుందా? మొన్న రాత్రి 2017 ఏప్రిల్‌లో అమెరికాలోని బఫెలోలో జరిగిన యూఎఫ్‌సీ (ఎంఎంఏ పోటీలు నడిపే సంస్థ) 210 తూకం వీడియో చూశాను. అప్పటినుంచి నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

డేనియల్ కోర్మియర్, లైట్ హెవీవెయిట్ చాంపియన్. మామూలు పోటీకైతే ఒక పౌండు అటూ ఇటూ అయినా వదిలేస్తారు. టైటిల్ పోటీకి ఆ దయ లేదు, ఆ విభాగంలో 205 పౌండ్లు దాటకూడదు. కాటా ఎక్కాడు: 206.2. మొహం వేలాడేసుకుని దిగి వెళ్లాడు. మూడు నిమిషాలైనా గడిచాయో లేదో, మళ్లీ ప్రత్యక్షం! ఈసారి ఒంటి మీద నూలుపోగు లేదు, ఇద్దరు అడ్డంగా తువ్వాలు పట్టుకున్నారు. అధికారి ప్రకటించాడు: 205.

పౌండుకు పైగా బరువు మూడు నిమిషాల్లో ఎక్కడికి పోయింది? వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూశాను. మొహం కాదు, చేతులు చూడాలి! రెండు చేతులూ తువ్వాలు అంచు మీద ఆనించి ఉన్నాడు. బిగించి పట్టిన గుడ్డ మీద మోపిన బరువు పట్టుకున్నవాళ్ల చేతుల్లోకి పోతుంది కానీ కాటాకు చేరదు కదా. కుస్తీవాళ్ల పాత కిటుకట. ఏళ్లు గడిచాక తానే ఒప్పుకున్నాడు. మర్నాడేమో ప్రత్యర్థి ఆంథొనీ జాన్సన్‌ను రెండో రౌండులో మెడపట్టుతో లొంగదీశాడు. తువ్వాలు విలువ నీకంటే ఎవరికి తెలుసురా? సరే సరే, హాస్టలు మూడో అంతస్తు సంగతి ఎత్తను, మాటిచ్చాను.

యూఎఫ్‌సీ లైట్‌వెయిట్ చాంపియన్ చార్లెస్ ఒలివేరాకు ఆ అదృష్టం లేదు, పాపం. 2022 మేలో 155కు బదులు 155.5 తూగాడు. గంట గడువిచ్చారు, ముల్లు కదల్లేదు. అర పౌండుకు బెల్టు పోయింది! మర్నాడు జస్టిన్ గేచీని మొదటి రౌండులోనే ఓడించినా తిరిగి రాలేదు.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. కానీ ఆ పౌండ్లు కొవ్వు కాదురా, నీళ్లు. చివరి రోజుల్లో ఉప్పు మానేసి, వేడి నీళ్ల తొట్టిలో, ఆవిరి గదిలో కూర్చుని ఒంట్లో తడి పిండేసుకుంటారు. తూకం అయ్యాక పోటీలోపు మళ్లీ తాగి నింపుకోవచ్చని ధీమా. 2015 డిసెంబరులో యాంగ్ జియాన్‌బింగ్ అనే కుర్రాడు ఇలా బరువు దించుతూ చనిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్లు. ఆ తర్వాతే వన్ చాంపియన్‌షిప్ అనే ఇంకో ఎంఎంఏ సంస్థ వాళ్లు ఈ పద్ధతిని నిషేధించి, తూకంతో పాటు మూత్ర పరీక్ష కూడా పెట్టారు. నీళ్లు తగ్గినట్టు తేలితే తూకం సరిపోయినా లెక్కలోకి రాదు. అతను పోయాక గానీ ఎవరికీ... వద్దులే.

అన్నట్టు, సాయంత్రం జనం ముందు కండలు చూపిస్తూ కాటా ఎక్కుతారే, 2016 నుంచి యూఎఫ్‌సీలో అది ఉత్తుత్తి తూకమే! అసలుది పొద్దున్నే అయిపోతుంది. నువ్వు పందెం కట్టి నా దగ్గర గెలిచింది దేని మీదో ఒకసారి గుర్తు తెచ్చుకో, ఆ లెక్కన నువ్వే నాకు...

బస్సు వచ్చేసింది. మిగతాది తర్వాత.

నీ
మూర్తి