నేర్చుకున్నవాడికి క్రెడిట్లు ఉన్నాయి, నేర్పినవాడి సంగతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. కుర్రాళ్ళను నాలుగేళ్ళ కోసం సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించిన దగ్గర్నుంచి పత్రికల్లో చర్చంతా ఒకే లెక్క చుట్టూ తిరుగుతోంది. నాలుగేళ్ళ తర్వాత చేతికి ఎంతొస్తుంది, నూటికి పాతికమందినే ఉంచుకుంటే మిగతా డెబ్భై అయిదుమంది ఏమవుతారు అని. అవి అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు నన్ను పట్టుకుని రోజూ అడుగుతున్నారు. అయితే పల్లె నుంచి సంచీతో దిగిన పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి జవానుగా తయారుచేసే మనిషి ఒకడుంటాడు. వాడి ఊసు మాత్రం ఎక్కడా కనబడదు. నేను ఆ పని చేసినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

మాది శ్రీకాకుళం జిల్లా. బెంగళూరులో హలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సెంటర్‌లో, అంటే సైన్యంలో వంతెనలూ దారులూ వేసే మద్రాస్ సాపర్స్ శిక్షణ కేంద్రంలో, రంగ్రూట్‌గా (కొత్త సిపాయిగా) చేరాను. యూనిట్లలో తిరిగి తిరిగి, మళ్ళీ అదే సెంటర్‌కు ఉస్తాద్‌గా, అంటే శిక్షణ ఇచ్చేవాడిగా వచ్చాను. రిటైరయ్యాక పిల్లల చదువుల కోసం ఈ ఊళ్ళోనే ఉండిపోయాను.

యూనిట్‌లో ఉన్నప్పుడు ట్రైనింగ్ సెంటర్ పోస్టింగ్ అంటే 'ఆరాం పోస్టింగ్' అనేవారు. బోర్డర్ ఉండదు, మంచు ఉండదు, కుటుంబం దగ్గరుంటుంది. అన్నవాళ్ళలో చాలామంది ఆ పని చేసి ఎరగరు. పొద్దున పీటీకి కుర్రాళ్ళ కన్నా ముందు గ్రౌండ్‌లో ఉండాలి, రాత్రి బ్యారక్‌లో దీపాలు ఆర్పేదాకా ఉండాలి. ఒకడి బూటు కరిచినా, ఒకడికి ఇంటి మీద బెంగ పుట్టినా, ఒకడు తిండి మానేసినా జవాబు చెప్పాల్సింది ఉస్తాదే.

భాష సంగతి కొంచెం వివరంగా చెబుతాను. 2025 నుంచి అగ్నివీర్ (అగ్నిపథ్ కింద చేరే జవాను) రాత పరీక్షను తెలుగులో కూడా రాసుకోవచ్చు. మంచి పనే చేశారు. కానీ పరీక్ష పాసై సెంటర్‌కు వచ్చిన మొదటిరోజు నుంచే డ్రిల్ గ్రౌండ్‌లో మాటంతా హిందీ. 'దాహినే ముడ్' (కుడికి తిరుగు) అనగానే సగంమంది ఎడమకు తిరుగుతారు. మన కుర్రాళ్ళు పక్కవాణ్ణి చూసి తిరుగుతారు, ఆ పక్కవాడు తమిళుడో మలయాళీయో అయితే వాడూ ఇంకో పక్కవాణ్ణే చూస్తుంటాడు. నవ్వొచ్చే సంగతే గానీ, చేతిలోకి రైఫిల్ వచ్చాక ఇలాగే అయితే నవ్వులాట కాదు. అందుకని రాత్రి భోజనాలయ్యాక మావాళ్ళను కూర్చోబెట్టి, మర్నాడు వినబోయే మాటలన్నీ తెలుగులో విడమరిచి చెప్పేవాణ్ణి. ఒక హిందీ మాట, దానికి చేయాల్సిన పని, మళ్ళీ మాట, మళ్ళీ పని. అందరికీ రోజుల్లోనే పట్టుబడుతుందని చెప్పను. కొందరికి నెలలు పట్టేది. అలాంటివాళ్ళలో ఒకడు చివరికి స్క్వాడ్ ముందు నిలబడి, గొంతెత్తి తానే కమాండ్ ఇచ్చాడు. ఆ పూట మెస్‌లో నాకు అన్నం సహించింది అంటే అతిశయోక్తి కాదు.

ఇంకో సంగతి బయటివాళ్ళకు అసలు తెలియదు. సైన్యంలో పాఠం చెప్పడానికి ఒక క్రమం ఉంది, దాన్ని తప్పడానికి వీల్లేదు. ముందు 'షురూ షురూ కా కామ్', అంటే క్లాసును లెక్కపెట్టి గ్రూపులు చేయడం, ఆయుధాలూ సామానూ తనిఖీ చేయడం. తర్వాత 'దొహరాయీ', నిన్నటి పాఠాన్ని మళ్ళీ ఒకసారి తిరగేయడం. ఆ తర్వాత 'పహుంచ్', ఈ పాఠం వీడికి ఎందుకు కావాలో చెప్పి ఆసక్తి పుట్టించడం. అప్పుడు ఉద్దేశ్యం, అప్పుడు పాఠాన్ని భాగాలుగా విడగొట్టడం. చెప్పి, చేసి చూపించి, వాళ్ళచేత చేయించి, తప్పు దిద్ది, మళ్ళీ చేయించడం. బీఎడ్ చదివిన మా మేనకోడలికి ఒకసారి ఇదంతా చెబితే, "మావయ్యా, ఇది మా లెసన్ ప్లానే కదా! మేమది రికార్డులో రాస్తాం, మీరు నిజంగా చేస్తారు, అంతే తేడా" అంది.

ఇలా నేర్పడంలో అందరికన్నా ఎక్కువ లాభపడింది నేనే. తాడు ముడులు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు అనుకునేవాణ్ణి. ఒక కుర్రాడు "ఉస్తాద్, ఇక్కడ ఈ ముడే ఎందుకు, నిన్నటిది వేస్తే ఏమవుతుంది?" అని అడిగితే చెప్పడానికి తడుముకున్నాను. తాడు తడిస్తే ఏ ముడి బిగుసుకుపోతుందో, బరువు పడి వదులైతే ఏది జారిపోతుందో ఆ కుర్రాడి పుణ్యమా అని మళ్ళీ చేసి చూసుకుని చెప్పాను. సర్వీసంతా చేసిన పని లోపల ఏముందో నేర్పేటప్పుడే నాకు అర్థమైంది.

ఉక్కు ముక్కలు తెచ్చి అక్కడికక్కడే బిగించే బెయిలీ వంతెన గురించి చాలామంది వినే ఉంటారు. పది అడుగుల ఉక్కు ప్యానెల్ ఒకటి రెండున్నర క్వింటాళ్ళ పైనే ఉంటుంది. దాన్ని ఆరుగురు కలిసి మోస్తారు. ఒకడు అర క్షణం ముందు లేపినా, ఒకడు ఆలస్యంగా దించినా వేళ్ళు నలిగిపోతాయి. కండ ఉన్న ఆరుగురు ఎక్కడైనా దొరుకుతారు. ఆ ఆరుగురూ ఒక్క కేకకు ఒక్కలా కదలడమే నేర్పాల్సిన విద్య. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు దెబ్బతిన్నప్పుడు, మా మద్రాస్ సాపర్స్ ఆగస్టు 1 సాయంత్రానికల్లా 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు. ఆ వార్త టీవీలో వస్తుంటే ఇంట్లోవాళ్ళు వరదను చూశారు, నేను ఆ కుర్రాళ్ళ చేతులు చూశాను. ప్యానెల్ పట్టుకున్న తీరు మా గ్రౌండ్‌లో నేర్పే తీరే. వాళ్ళలో నా దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడూ లేకపోవచ్చు, అయినా గర్వంగానే అనిపించింది.

శిక్షణ ముగిసి కుర్రాళ్ళు ప్రమాణం చేసే కసమ్ పరేడ్ నాడు తల్లిదండ్రుల ఛాతీకి గౌరవ్ పదక్ అనే పతకం పెట్టే ఆనవాయితీ కూడా ఉంది, చాలా బాగుంటుంది. ఆ హడావుడిలో ఉస్తాద్ ఎక్కడో వెనక వరసలో ఉంటాడు. అయినా ఏ తండ్రో వెతుక్కుంటూ వచ్చి "మావాడికి నేర్పింది మీరేనా బాబూ" అని చేతులు పట్టుకుంటాడు. ఇవన్నీ జీతంలో రావు. వచ్చేవాటికి లెక్కా ఉండదు. ఉండాలని కూడా నేను అడగడం లేదు.

నేను అడిగేది వేరు. ఇంత విద్య చేతిలో ఉన్న మనిషి నలభైల్లోనే బయటికి వస్తాడు. వచ్చి ఏం చేస్తున్నాడు? బెంగళూరులో ఏ పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా చూడండి. కార్ల నంబర్లు రాసుకుంటూ, డెలివరీ కుర్రాళ్ళచేత రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటూ కనబడతాడు. కాపలా ఉద్యోగం తక్కువని నేననను, నా తోటివాళ్ళు దానిమీదే పిల్లల్ని చదివించుకున్నారు. అయితే వందలమందికి పని నేర్పిన మనిషిని అక్కడ నిలబెట్టడం ఆయనకన్నా మనకే నష్టం. నేనూ ఒకసారి ఎలక్ట్రీషియన్, ప్లంబర్ పనులు నేర్పే ఒక ప్రైవేటు సంస్థకు వెళ్ళాను. పని తెలుసా అని అడగలేదు, పాఠం చెప్పి చూపించమనీ అనలేదు. టీచింగ్ సర్టిఫికెట్ ఉందా అన్నారు. లేదన్నాను. సెక్యూరిటీలో ఖాళీ ఉంది, చేస్తారా అన్నారు.

ఇందులో వింత ఏమిటంటే, సైనిక శిక్షణకు చదువుగా విలువ ఇవ్వడం ప్రభుత్వం ఎప్పుడో మొదలుపెట్టింది. అగ్నివీరులు సర్వీసులో ఉండగానే ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ద్వారా మూడేళ్ళ డిగ్రీ చేసుకోవచ్చు, డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లలో సగం వాళ్ళు పొందిన శిక్షణకే వస్తాయి. చాలా మంచి ఏర్పాటు. మరి అదే శిక్షణ ఇచ్చిన ఉస్తాద్‌కు ఒక్క క్రెడిట్ కూడా ఎందుకు రాదు? పాఠానికి విలువ ఉందని ఒప్పుకున్నాక, పాఠం చెప్పినవాడికి లేదనడం ఎలా కుదురుతుంది?

ప్రతి ఉస్తాద్‌నూ తీసుకెళ్ళి బడిలోనో ఐటీఐలోనో కూర్చోబెట్టమని నేను అనడం లేదు. గొంతు చించుకోవడమే పాఠం అనుకునేవాళ్ళు, ప్రతి తప్పుకూ రగడా (ఒళ్ళు హూనమయ్యే కసరత్తు శిక్ష) ఇవ్వడం తప్ప ఇంకో దారి తెలియనివాళ్ళు మాలోనూ ఉన్నారు. పదహారేళ్ళ విద్యార్థి ముందు వాళ్ళను నిలబెట్టకూడదు. అందుకే పరీక్ష పెట్టండి, క్లాసు చెప్పించి చూడండి. ట్రైనింగ్ సెంటర్‌లో పాఠం చెప్పిన కాలాన్ని లెక్కలోకి తీసుకుని, కొద్దినెలల కోర్సుతో ఐటీఐల్లోనూ నైపుణ్య కేంద్రాల్లోనూ చెల్లే అర్హత ఇవ్వండి. నైపుణ్యాభివృద్ధి శాఖ, రక్షణ శాఖ కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పనే, కొత్త చట్టాలేవీ అక్కర్లేదు.

ఇది అగ్నివీరులకూ అవసరమే. శిక్షణ మా రోజుల కన్నా బాగా కుదించి ఇప్పుడు 31 వారాలకు తెచ్చారు. వ్యవధి తగ్గినకొద్దీ నేర్పేవాడి మీద భారం పెరుగుతుంది. ఊళ్ళలో వెలిసిన కోచింగ్ అకాడమీలేమో 1.6 కిలోమీటర్ల పరుగు అయిదున్నర నిమిషాల్లో ఎలా పూర్తిచేయాలో నేర్పి పంపేస్తున్నాయి. అక్కడ హిందీ మాటలు గానీ, తాడూ ముడీ గానీ, ఇల్లు విడిచి ఉండడం గానీ నేర్పేవాళ్ళు తక్కువ. మన తెలుగు జిల్లాల పిల్లలకు తెలుగులో చెప్పగల మాజీ ఉస్తాద్‌లు బెంగళూరులోనూ, విజయనగరంలోనూ, ప్రకాశంలోనూ ఉన్నారు. వాళ్ళ జాబితా ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఆదివారాలు ఒక హాలు ఇప్పిస్తే నాలాంటివాళ్ళు ఉచితంగా వచ్చి చెబుతారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక సైనిక సంక్షేమ శాఖలకు మీ పత్రిక ద్వారా ఒక చిన్న మనవి. మాజీ సైనికులు ఉద్యోగానికి పేరు నమోదు చేసుకునేటప్పుడు ర్యాంకు, ట్రేడు, సర్వీసుతోపాటు 'ఏ సెంటర్‌లో, ఏ సబ్జెక్టు, ఎంతకాలం నేర్పారు' అని కూడా విడిగా రాయించండి. ఆ జాబితాను ప్రతి జిల్లాలోని ఐటీఐ ప్రిన్సిపాల్‌కు పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదార్,
హలసూరు, బెంగళూరు