‘రాత్రి’లో రేవతిని మరచిపోయారు

సంపాదకుల వారికి,
నమస్కారం.

దెయ్యం సినిమాలు తీయడంలో మన దర్శకుల్లో ఎవరు ఘనులు అన్న విషయం మీద మీ ఆదివారం సినిమా పేజీలో కొన్ని వారాలుగా వస్తున్న పాఠకుల లేఖలను వదలకుండా చదువుతున్నాను. రాసినవారిలో సగం మంది రాంగోపాల్ వర్మ పక్షం, తక్కినవారు కోడి రామకృష్ణ పక్షం. ఒకరు మాత్రం ‘అన్వేషణ’ పేరు చెప్పి వంశీ గారిని బరిలోకి దింపారు. 1985 నాటి ఆ సినిమా, ఇళయరాజా సంగీతం నాకూ ప్రాణమే గాని, అందులో అడవి ఉంది, హత్యలున్నాయి, దెయ్యం మాత్రం లేదు. ఆ మాట అలా ఉంచితే, ఇన్ని లేఖల్లో కోడి రామకృష్ణ ‘అరుంధతి’ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అనుష్క పేరు కనిపించింది. వర్మ ‘రాత్రి’ని ఆకాశానికెత్తినవారిలో ఒక్కరికి కూడా రేవతి పేరు గుర్తు రాలేదు. నేనీ ఉత్తరం రాయడానికి కారణం అదే.

1992లో తెలుగులోనూ హిందీలోనూ వచ్చిన ‘రాత్రి’ కథ చెప్పుకుంటే నాలుగు ముక్కలు: ఒక మధ్యతరగతి కుటుంబం అద్దెకు దిగిన ఇల్లు, కారు కింద పడి చచ్చిన పిల్లి, చదువుకుంటున్న అమ్మాయికి పట్టిన దెయ్యం, దాన్ని వదిలించడానికి మాంత్రికుడిగా వచ్చిన ఓంపురి. అయితే ఆ సినిమాలో దెయ్యానికంటూ వేరే ఒళ్ళు లేదు. తెల్లచీర, విరబోసిన జుట్టు, పొగ వంటి పాత సరంజామాను వర్మ దాదాపు పక్కన పెట్టేశారు కాబట్టి, మనం భయపడవలసిన వస్తువు తెర మీద ఎక్కడో ఒకచోట ఉండాలంటే అది రేవతి ముఖంలోనే ఉండాలి. పరుగెత్తే కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం మనల్ని ఉలిక్కిపడేలా చేస్తాయి, నిజమే. కాని ఆ ఉలికిపాటు ఒక క్షణం ముచ్చట. అంతవరకు అమ్మతో, స్నేహితులతో మామూలుగా మాట్లాడుతున్న పిల్ల కళ్ళలోంచి మనిషి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో తెలియకపోవడమే ఇంటిదాకా వెంట వచ్చే భయం. నేను ఆ సినిమాను మా ఊళ్ళో సెకండ్ షో చూశాను. తిరిగి వచ్చే దారిలో పిట్టగోడ మీద పిల్లి కనబడితే, నాస్తికుడినని రోజూ మాతో వాదించే మా మిత్రుడు సైకిల్ దిగి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

దెయ్యం సినిమాలో నటన అంటే కేకలు పెట్టడమే కదా అని ఒక పాఠకుడు తేలిగ్గా రాశారు. కేక ఎవరైనా పెట్టగలరు. దెయ్యం పట్టక ముందు ఆ అమ్మాయి మన వీధిలో అమ్మాయిలా ఉంటేనే పట్టిన తరువాత ఆమె మనకు పరాయిదవుతుంది. కష్టమైన పని ఆ ముందు భాగంలో ఉంది, చూసేవారికి అది నటనలా కనిపించదు కనుక మెచ్చుకోలూ దొరకదు. ఇదే వర్మ 1996లో ‘దెయ్యం’ తీసినప్పుడు శ్మశానం నేల మీద కట్టిన ఇల్లు గుర్తుండిపోయింది గాని, జయసుధ గారిని మినహాయిస్తే మనుషులు గుర్తుండలేదు. 2003లో హిందీలో పాటలు లేకుండా ‘భూత్’ తీసినప్పుడు మళ్ళీ ఊర్మిళ ముఖాన్ని నమ్ముకున్నారు, గెలిచారు. ఆయన సినిమా నిలిచేదీ పడేదీ నటిని బట్టేనని నా అభిప్రాయం.

కోడి రామకృష్ణ గారి దారి పూర్తిగా వేరు. 2009 జనవరిలో వచ్చిన ‘అరుంధతి’లో భయం ప్రతినాయకుడు పశుపతిలో ఉంది: ఆ వేషం వేసిన సోనూ సూద్ శరీరంలో, అంతకంటె ఎక్కువగా ఆయనకు డబ్బింగ్ చెప్పి ‘బొమ్మాళీ’ అని పిలిచిన రవిశంకర్ గొంతులో ఉంది. అనుష్క పని మనల్ని భయపెట్టడం కాదు, ఆ భయానికి ఎదురు నిలిచి మనకు ధైర్యం ఇవ్వడం. కథానాయిక గత జన్మ అయిన జేజమ్మ చిన్నప్పటి పాత్రలో దివ్య నగేశ్ నడకలో చూపిన ఠీవిని అనుష్క అందుకుని, తన ఎముకలనే ఆయుధంగా చేయమని ప్రాణం అర్పించే ఘట్టం దాకా ఎక్కడా జారవిడవకుండా మోసింది. 1995లో ‘అమ్మోరు’ తీసిననాటి నుంచీ ఈ దర్శకుడి పద్ధతి అదే. సౌందర్య కష్టాలు పడుతుంటే మనం వణుకుతాము, రమ్యకృష్ణ అమ్మవారై వచ్చేసరికి దండం పెడతాము. జాతరలో పూనకం చూసి జడుసుకున్న పిల్లవాడు చివరికి ప్రసాదం తిని ఇంటికి వెళ్ళినట్టే మనమూ హాలు నుంచి తేలికపడి బయటికి వస్తాము. బనగానపల్లెలో ఆ సినిమా తీసిన నవాబుల బంగళాను జనం ఇప్పటికీ అరుంధతి కోట అనే పిలుస్తున్నారంటే, ఆ పాత్ర ఎంత లోతుగా దిగిందో వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల రేవతి గొప్పా అనుష్క గొప్పా అని అడగడం, పులిని, పులిని కొట్టిన వేటగాడిని పక్కపక్కన నిలబెట్టి ఎవరి గోళ్ళు వాడి అని అడగడం వంటిది. అనుష్కకు నంది ప్రత్యేక జ్యూరీ పురస్కారం వచ్చింది, సంతోషమే. అయితే అభిమానులు తలచుకునేది ఖడ్గం పట్టిన అమ్మాయిని. దెయ్యం పట్టిన అమ్మాయి ఎవరికీ గుర్తు లేదు. మలయాళంలో అలా జరగలేదు. ‘మణిచిత్రతాళు’లో ఒకే మనిషిలో ఇద్దరిని చూపిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. ‘రాత్రి’ వచ్చిన ఏడాదే ‘క్షత్రియ పుత్రుడు’ తమిళ మాతృకకు రేవతి జాతీయ ఉత్తమ సహాయ నటి అయ్యారు. ముప్ఫయ్యేళ్ళ తరువాత ‘భూతకాలం’ అనే మలయాళ దెయ్యం సినిమాలో తల్లి పాత్రకు కేరళ ప్రభుత్వం ఆమెను ఉత్తమ నటిగా ఎన్నుకుంది. ఆ వార్త చదివినప్పుడు, ఈమె ఈ విద్యలో ఎంత దిట్టో మనకు 1992లోనే తెలిసి ఉండవలసింది అనిపించింది.

2025 నవంబరులో వర్మ పాత సినిమా ‘శివ’ను కొత్త శబ్ద హంగులతో మళ్ళీ విడుదల చేశారు. హక్కులు ఎవరి వద్ద ఉన్నా, ‘రాత్రి’ తెలుగు ప్రతిని కూడా అదే శ్రద్ధతో శుభ్రం చేసి థియేటర్లకు తీసుకురావాలని, వాల్‌పోస్టర్ మీద దర్శకుడి పేరు ఎంత అక్షరాలలో ఉంటే రేవతి పేరూ అంతే అక్షరాలలో ఉండాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సెకండ్ షో కూడా వేస్తే మరీ మంచిది. ఆ మిత్రుడిని ఈసారి కూడా తీసుకువెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తణుకు.